టీఎంసీల లెక్కలోకి రాని నీళ్ళు

జూలై సగానికి వచ్చేసరికి విజయవాడలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా, ఏ పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళతో మాట కలిపినా ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది: "సాగర్‌కి నీళ్ళొస్తున్నాయా?" దానికి జవాబు మా జిల్లా పేపర్లలో రోజూ పెట్టె కట్టి మరీ అచ్చవుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులకు ఇవాళ ఇన్ని, సాగర్ 590 అడుగులకు ఇన్ని, పులిచింతల 45.77 టీఎంసీలకు ఇన్ని, ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వదిలింది ఇన్ని క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ చివరి అంకె 11 లక్షల 43 వేలకు చేరి, బ్యారేజీ కట్టిన తర్వాత ఎన్నడూ లేనంత వరదగా నమోదైనప్పుడు, ఇంట్లోకి నడుం లోతు నీళ్ళు వచ్చినవాళ్ళు కూడా మేడ మీద కూర్చుని ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు.

ఈ లెక్కలను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. దాని వెనక ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఊళ్ళ తాగునీరు ఉన్నాయో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా అభ్యంతరం వేరు. ఈ లెక్కలన్నీ ఆగిన నీటి జమాఖర్చులు. రాళ్ళ మీద పడి విరుగుతూ, నురగ కడుతూ, గాలిని లోపలికి లాక్కుంటూ పోయే నీటికి ఈ పెట్టెలో గడి లేదు. నిలవ ఉన్న నీరూ పారే నీరూ ఒకటేనని, ఒకచోట తగ్గినదాన్ని మరోచోట పెరిగినదానితో సరిపెట్టుకోవచ్చని మనం నమ్ముతున్నాం. అది తప్పుడు సర్దుబాటు అనడానికి నా దగ్గరున్న గట్టి సాక్షులు, కొండవాగుల్లో పురుగులేరుకుని బతికే చిన్న పిట్టలు.

ఉత్తరాఖండ్‌లో చోప్తా నుంచి మండల్ మీదుగా గోపేశ్వర్‌కు దిగే దారిలో వంతెన దగ్గర ఆగి కిందికి చూస్తే, వాగు మధ్యలో తుంపరలకు తడిసిన బండ మీద తరచుగా ఒక పిట్ట కనబడుతుంది. దాన్ని ప్లంబియస్ వాటర్ రెడ్‌స్టార్ట్ అంటారు. పేరు బారెడు గానీ పిట్ట మన పిచ్చుకంతే. మగదాని ఒళ్ళంతా సీసం రంగు, తోక మాత్రం ఎర్రమట్టి రంగు. ఆ తోకను వెడల్పుగా విప్పడం, మూయడం, మళ్ళీ విప్పడం దానికి క్షణం తీరని పని. నేను చూసిన మగపిట్ట బండ మీది నుంచి నిటారుగా పైకి లేచి, నా కంటికి ఆనని దేన్నో గాలిలోనే టక్కున అందుకుని, తిరిగి సరిగ్గా అదే బండ మీద అదే మూలన వాలింది. కాసేపటికి నీటి అంచుకు దిగి, తడి నాచు మీద రెండు గంతులు వేసి, నాచులోంచి దారప్పోగంత పురుగును లాగి మింగింది. దిగువ నుంచి ఇంకో మగపిట్ట వచ్చేసరికి నీటికి జానెడు ఎత్తున దూసుకుపోయి దాన్ని తరిమింది. వాగు మలుపు తిరిగేచోట ఠక్కున ఆగి వెనక్కి వచ్చేసింది. ఆ మలుపు దాని పొలిమేర. ఆ తర్వాత దిగువ పిట్టను తన వైపు రానివ్వలేదు, తనూ అటు పోలేదు.

అలాంటి వాగుల్లోనే నలుపు తెలుపు ఫోర్క్‌టెయిల్స్ ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నది, లిటిల్ ఫోర్క్‌టెయిల్, జలపాతం నీళ్ళు పడేచోటనే, మనిషి కాలు నిలవని జారుడు బండ మీద నిమ్మళంగా నడుస్తూ మేస్తుంది. బ్రౌన్ డిప్పర్‌ది ఇంకా వింత. వేళ్ళ మధ్య బాతుకున్నట్టు చర్మం లేకపోయినా, చన్నీటి ప్రవాహంలోకి నేరుగా దిగి, రెక్కలతో ఈదుతూ, అడుగున రాళ్ళ సందుల్లో పురుగులు వెతికి పైకి వస్తుంది. ఇవన్నీ ఒక కుటుంబానికి చెందినవి కావు. వేరువేరు వంశాల నుంచి వచ్చి ఒకే బతుకుతెరువు దగ్గర కలిసినవి. 2002లో స్టీవ్ ఓర్మరాడ్, ఆయన సహ పరిశోధకుడు వేసిన లెక్క ప్రకారం, పారే నీటిని మాత్రమే నమ్ముకుని బతికే పక్షులు ప్రపంచం మొత్తం మీద దాదాపు 60 జాతులు. వాటిలో 28 ఆసియాలోనూ, అందులో 13 హిమాలయాల్లోనూ ఉన్నాయి. ఒక్క పర్వతశ్రేణిలో అన్ని మరెక్కడా లేవు.

దక్షిణాదికి ఫోర్క్‌టెయిల్ రాలేదు, డిప్పర్ రాలేదు. కొండవాగుల చేపల్లో కొన్ని హిమాలయాల్లోనూ పడమటి కనుమల్లోనూ ఒకే పోలికతో ఎందుకున్నాయో వివరించడానికి సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రజ్ఞుడు, అవి ఒకప్పుడు సాత్పురా కొండల వరసను పట్టుకుని దక్షిణానికి వచ్చి ఉంటాయని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను తర్వాతివాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు, అది వేరే కథ. పారే నీటి ప్రాణికి ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోవడం ఎంత కష్టమైన పనో, దాన్ని వివరించడానికి ఒక పర్వతాల వంతెననే ఊహించవలసి వచ్చిందన్నది ఇక్కడ నాకు కావలసిన సంగతి.

మనకు దక్కినది గ్రే వాగ్‌టెయిల్. హిమాలయాల్లోనూ మధ్య ఆసియాలోనూ వాగుల పక్కన గూడు పెట్టి, సెప్టెంబరులో దక్షిణానికి దిగి, మార్చి దాటాక వెనక్కి పోయే పిట్ట ఇది. కృష్ణ ఒడ్డున మనకు ఏడాది పొడుగునా కనబడే నలుపు తెలుపు వాగ్‌టెయిల్, మన పాతవాళ్ళు కాటుకపిట్ట అనేది, దీనికన్నా కాస్త పెద్దది, జంకు తక్కువది. పడవల రేవులోనూ డాబాల మీదా కూడా తిరుగుతుంది. గ్రే వాగ్‌టెయిల్ అలా కాదు. వీపు బూడిద రంగు, తోక కింద నిమ్మపండు పసుపు, మిగతా వాగ్‌టెయిల్స్‌కు ఉండే నల్లకాళ్ళకు బదులు లేత గులాబీ కాళ్ళు, ఒంటికి మించిన పొడుగు తోక. మంద కట్టదు. వాగులో కొంత మేర తనదిగా పెట్టుకుని ఒంటరిగా తిరుగుతుంది, వీలుంటే మరుసటేడు మళ్ళీ అక్కడికే వస్తుంది. నల్లమలలో వానాకాలం వాగులు పారే రోజులూ, ఈ పిట్ట ఇక్కడ ఉండే రోజులూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాగు గుంటలుగా తెగిపోయే వేళకు పిట్టకూ ప్రయాణం దగ్గరపడుతుంది.

అది ఏం తింటుందో చూడాలంటే దాని వెంటపడటం దండగ; వాగులోకి దిగి ఒక రాయి తిరగేస్తే చాలు. నల్లమల వాగులో మోకాలి లోతు కూడా లేనిచోట, నీళ్ళు గలగలమని విరిగే దగ్గర, అరచేతిలో పట్టే రాయిని పైకి తీసి అడుగు వైపు చూడండి. మొదట తడి తప్ప ఏమీ కనబడదు. ఊపిరి బిగబట్టి ఆగితే ఆ తడి కదులుతుంది. చివర మూడు తోకలున్న, రాతికి అంటుకుపోయేంత పలుచటి పురుగులు పక్కలకు జరుగుతాయి: అవి మేఫ్లై పిల్లలు. ఇసక రేణువులను నోట్లోంచి తీసిన పట్టుదారంతో అతికించి కట్టుకున్న గొట్టంలోంచి తలా ముందుకాళ్ళూ మాత్రం బయటపెట్టి పాకేవి కాడిస్‌ఫ్లై పిల్లలు. వాటి దాయాదులు కొన్ని గొట్టానికి బదులు రాళ్ళ మధ్య సన్నని వల నేసి, ప్రవాహం తెచ్చిపెట్టే తిండి కోసం కూర్చుంటాయి. ఆ వల నిండాలంటే నీరు కదలాలి. మేఫ్లై పిల్లల మొప్పలకు ప్రాణవాయువు అందాలంటే నీరు విరగాలి, చల్లగా ఉండాలి: 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా ఇమిడే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. చూశాక ఆ రాయిని తీసినచోటే, తీసిన వైపే, మెల్లగా పెట్టేయాలి.

నీటిలో నెలల తరబడి పెరిగిన మేఫ్లై రెక్కలొచ్చి బయటపడ్డాక బతికేది కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. నోరు పనిచేయదు, తిండి తినదు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, పోవడం. తొలకరికి మన వీధి దీపాల చుట్టూ ఈసుళ్ళు లేచినట్టు, అవి వాగు మీద గుంపుగా లేస్తాయి. ఆ లేచినదంతా వాగులోనే ఉండిపోదు. జపాన్‌లోని హొక్కాయిడో దీవిలో హొరోనై అనే చిన్న వాగు దగ్గర షిగేరు నకానో, మసాషి మురకామి అనే పరిశోధకులు దీన్ని ఓపికగా లెక్కగట్టారు. ఆ వాగు పక్క అడవిలో ఉండే పిట్టల ఏడాది ఆహార శక్తిలో 25.6 శాతం వాగులోంచి పైకి లేచిన పురుగులదే. వాగులో చేపల ఆహారంలో 44 శాతం అడవిలోంచి నీళ్ళలో పడిన పురుగులది. అదీ ఒక వంతున: చెట్లు ఆకు రాల్చి అడవిలో పురుగు కరువైన రోజుల్లో వాగు పిట్టలను పోషిస్తుంది, అడవి పచ్చబడి వాగులో పురుగు తగ్గిన రోజుల్లో అడవి చేపలను పోషిస్తుంది. ఈ పరిశోధన 2001లో అచ్చయింది. అప్పటికి నకానో లేరు, అంతకు ముందటేడు సముద్రంలో పరిశోధనకు వెళ్ళి పడవ ప్రమాదంలో పోయారు. నీటి గురించి ఇంత ముఖ్యమైన అంకెలు నేను మరెక్కడా చూడలేదు. ఇవి టీఎంసీల్లో లేవు, క్యూసెక్కుల్లో లేవు.

ఇప్పుడు మన కృష్ణను పై నుంచి చూసుకుంటూ రండి. శ్రీశైలం ఆనకట్ట కాళ్ళ దగ్గర నుంచే సాగర్ వెనక జలాలు మొదలవుతాయి. దిగువకు వదిలిన నీటిని మళ్ళీ పైకి తోడి కరెంటు తీసే యంత్రాలు అక్కడ పనిచేయగలుగుతున్నది అందువల్లే. సాగర్ దిగిన నీటిని ఆపే చిన్న జలాశయం టెయిల్‌పాండ్, ఆ తర్వాత పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ ఎగువన మన ఊరి నిండుకుండ. నల్లమలను కోసుకుంటూ రాళ్ళ మధ్య నుంచి వచ్చిన నది చాలా మేర ఒకదాని కింద ఒకటి పెట్టిన జలాశయాల వరసయింది. కట్టిన ప్రతిచోటా నీరు పెరిగింది, ఒప్పుకుంటాను. పెరిగిన ప్రతిచోటా బండలు మునిగాయి, వాగు నోళ్ళు మునిగాయి, రాళ్ళ సందుల్లోకి ఒండ్రు దిగి మూసుకుపోయింది. నిలవ నీటిలోనూ పురుగులుంటాయి, కానీ అవి వేరే పురుగులు, వాటిని తినేవి వేరే పక్షులు.

మన పక్షి ప్రేమ కూడా నిలవ నీటి ప్రేమే. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూడటానికి పిల్లలను తీసుకుపోతాం, కొల్లేరుకు పోతాం, ఫ్లెమింగోల పండగకు సూళ్ళూరుపేట పోతాం. పోవాలి కూడా. కానీ వాగు పిట్ట పేరు మీద మన దగ్గర ఒక బోర్డు నేను చూడలేదు. అది గుంపుగా రాదు, దూరం నుంచి కనబడదు, ఫోటోలో చిన్నగా పడుతుంది.

ఈ మాటలు ఇంట్లో అంటే మా బాబాయి ఊరుకోడు. ఆయనది సాగర్ కుడి కాలువ కింద సేద్యం. "పిట్టలకేందిరా, రెక్కలున్నై. ఈడ కాకపోతే ఇంకోకాడికి పోతై. ఎటూ పోలేనిది మనమే," అంటాడు. ఆయన మాటను నవ్వి పారేయడానికి వీల్లేదు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన డొక్కల కరువులో ఐదు లక్షల జనాభాకు లక్షన్నర మందికి పైగా చనిపోయారని అంచనా. విజయవాడలో 1855 నాటికి పూర్తయిన ఆనకట్టకు ఆ కరువు జ్ఞాపకం ఒక పునాది. 1952లో అది తెగిపోతే దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ లేచింది. ఆ నీటితో పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి, పిట్ట కోసం కాలువ మూసేయమనే నోరు నాకు లేదు.

అయితే "ఇంకోకాడికి పోతై" అన్నది నిజం కాదు. నేను చోప్తా దారిలో చూసిన మగపిట్ట మలుపు దగ్గర ఆగిపోయిందే, అదే దానికి జవాబు. చెరువు పక్షికి నాలుగు దిక్కులా చోటుంటుంది. వాగు పిట్టకు ఉన్నవి రెండే దిక్కులు, ఎగువ, దిగువ; ఆ రెండు వైపులా ముందే కాపురమున్న పిట్టలు సరిహద్దు కాస్తుంటాయి. ఒక కిలోమీటరు వాగును పైపులోకి మళ్ళిస్తే ఆ కిలోమీటరు పిట్టలకు పక్క కిలోమీటరులో ఖాళీ ఉండదు.

బ్రిటన్‌లోని వేల్స్ కొండల అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ నీటి పరిమాణంలో ఏ లోటూ లేదు. ఆమ్ల వర్షాల వల్లా, కొండల మీద వరసగా నాటిన పైన్ జాతి తోటల వల్లా అక్కడి వాగుల నీరు పులిసింది. చూడటానికి అద్దంలా తేటగా ఉండే నీరే. దానిలో మేఫ్లై, కాడిస్‌ఫ్లై పిల్లలు తగ్గిపోయాయి. 1980లలో పరిశోధకులు వాగు వాగూ నడిచి చూస్తే, పులిసిన వాగుల్లో డిప్పర్లు పలచబడి ఉన్నాయి. ఉన్నవి ఆలస్యంగా గుడ్లు పెడుతున్నాయి, తక్కువ పెడుతున్నాయి, ఒక్కో జంట కడుపు నింపుకోవడానికి ఎక్కువ పొడుగు వాగును కాపలా కాయవలసి వస్తోంది. మన పేపరు పెట్టె ఆ వాగులకు వేస్తే ఏ ఏడూ ఏ తేడా కనబడదు. అదే ప్రాంతపు డిప్పర్ల రెట్టలను, అవి కక్కిన ఉండలను 2020లో పరీక్షిస్తే దాదాపు సగం నమూనాల్లో ప్లాస్టిక్ నూగు దొరికింది. రోజుకు రెండు వందల వరకు ఆ ముక్కలు పురుగుల ద్వారా వాటి కడుపులోకి పోతున్నాయని అంచనా వేశారు. నల్లమల వాగుల్లో పుణ్యస్నానాల తర్వాత బండల మీద మిగిలే షాంపూ పాకెట్లు చూసినప్పుడు నాకు ఆ లెక్క గుర్తుకొస్తుంది.

బాబాయితో వాదించడం కన్నా చట్టంతో వాదించడం నాకు తేలిక, ఎందుకంటే ఇక్కడ చట్టం పూర్తిగా టీఎంసీల భాషలోనే, అంటే పరిమాణం భాషలోనే ఆలోచించింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ ప్రాజెక్టుకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. చిన్నది కాబట్టి హాని చిన్నదని లెక్క. కానీ అలాంటి ప్రాజెక్టు హిమాలయాల్లో చాలాచోట్ల ఏం చేస్తుందంటే, ఎగువన ఒక గోడ కట్టి, వాగును పైపులోనో సొరంగంలోనో పెట్టి, కొన్ని కిలోమీటర్ల దిగువన టర్బైను మీద పడేస్తుంది. జలాశయం లేదు, ముంపు లేదు, నిర్వాసితులు లేరు. తీసుకున్న నీరు మొత్తం తిరిగి వదిలేశారు కూడా. మధ్యలో వాగు మాత్రం లేదు. రెడ్‌స్టార్ట్‌కూ ఫోర్క్‌టెయిల్‌కూ ఆ మధ్య భాగమే ఊరు. ఎంత పొడుగున వాగు ఎండుతుందన్నదాన్ని బట్టి అనుమతి ఉండాలి గానీ ఎన్ని మెగావాట్లన్నదాన్ని బట్టి కాదని నా వాదన. 2018 అక్టోబరులో కేంద్రం గంగ ఎగువ భాగానికి పర్యావరణ ప్రవాహాలను ప్రకటించి, నవంబరు నుంచి మార్చి దాకా ప్రవాహంలో 20 శాతం, వానల నెలల్లో 30 శాతం వదలాలంది. అది మంచి మొదలే. అయినా నదిలో ఎంత వదలాలో చెప్పింది గానీ, వదిలిన నీరు గంట గంటకూ ఎలా పెరిగి తగ్గుతుందన్న దగ్గరకు ఆ శాతం వెళ్ళదు.

ఆ గంటల సంగతి ఎందుకంటే, అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన జరిగినది చదివిన తర్వాత నాకు ఈ వాదన మీద ధైర్యం వచ్చింది. అక్కడ కరెంటు గిరాకీని బట్టి పగలు ఎక్కువ నీరు, రాత్రి తక్కువ నీరు వదులుతారు. నది మట్టం రోజూ లేచి దిగుతుంది. చాలా నీటి పురుగులు గుడ్లు పెట్టేది నీటి అంచున తేలిన రాళ్ళ దగ్గర. సాయంత్రం నీరు నిండుగా ఉన్నప్పుడు అంచున పెట్టిన గుడ్లు తెల్లారేసరికి ఎండలో ఉంటాయి. గ్రాండ్ కాన్యన్‌లో పడవల వాళ్ళు, విద్యార్థులు, మామూలు జనం రాత్రిళ్ళు దీపం పెట్టి పట్టిన పురుగుల నమూనాలను పోగుచేసి, అక్కడ పురుగు ఎందుకు పలచబడిందో 2016లో పరిశోధకులు తేల్చారు. ఆ తర్వాత 2018లో మే నుంచి ఆగస్టు దాకా ఒక ప్రయోగం చేశారు: శని, ఆదివారాల్లో కరెంటు గిరాకీ ఎలాగూ తక్కువ కాబట్టి, ఆ రెండు రోజులూ నీటిమట్టాన్ని తక్కువగా, కదలకుండా ఉంచారు. అప్పుడు పెట్టిన గుడ్లు వారమంతా నీళ్ళ కిందే ఉంటాయి. కాడిస్‌ఫ్లైలు పెరిగాయి, ప్రయోగాన్ని తర్వాతా కొనసాగించారు. ఆనకట్ట ఒక్క ఇటుక కదలలేదు, జలాశయంలో నిల్వకు నష్టం రాలేదు. మారింది నీరు వదిలే తీరు. మన దగ్గర గేట్లెత్తే వాళ్ళకూ ఇది చేతకాని పని కాదు. చేయమని అడిగినవాళ్ళు లేరు, అంతే.

పల్నాడుకు వచ్చేసరికి కథలో ఇంకో పాత్ర చేరుతుంది. కొండ దిగిన వాగులు ఇక్కడ మిర్చి చేల పక్కనుంచి పోతాయి. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా మిర్చికి మందులు కొట్టే కాలం. గ్రే వాగ్‌టెయిల్ అదే వాగులో మేసే కాలం. 2021-22లో నల్ల తామర పురుగు పూతనంతా పీల్చేసి చేలను ఎండబెట్టినప్పుడు రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టారు. అప్పు చేసి వేసిన పంట కళ్ళముందు పోతుంటే ఎవరైనా అదే చేస్తారు. రసం పీల్చే పురుగుల మీద విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ నీటిలో సులభంగా కరుగుతుంది, మేఫ్లై పిల్లలు దానికి చాలా తక్కువ మోతాదులోనే చస్తాయి. నెదర్లాండ్స్‌లో చేసి 2014లో అచ్చేసిన ఒక పరిశీలనలో, పారే నీటిలోనూ చెరువుల్లోనూ ఆ మందు లీటరుకు 20 నానోగ్రాములు దాటినచోట పురుగులు తినే పక్షుల సంఖ్య ఏటా సగటున 3.5 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. రెండూ కలిసి కనబడ్డాయని చెప్పిన లెక్క అది, ఒకదానికి ఒకటి కారణమని రుజువు చేసినది కాదు. అయినా 2018లో ఐరోపా సమాఖ్య బయటి పొలాల్లో ఆ మందు వాడకాన్ని ఆపేసింది. ఆసియాలోనే పేరుమోసిన మిర్చి యార్డు ఉన్న గుంటూరులో వాగు నీటిలో ఆ మందు ఎంతుందో ఏడాదికొకసారైనా కొలిచి ఊళ్ళో చెప్పడం అత్యాశ కాదు. యార్డులో మిర్చికి తేమ చూస్తున్నాం, ఘాటు చూస్తున్నాం, ఎగుమతికి మందు అవశేషాలూ చూస్తున్నాం. కొన్నవాడి కడుపులోకి పోయేదానికి ఉన్న పరీక్ష, మన వాగులోకి పోయేదానికి ఎందుకు లేదు?

మాచర్ల దగ్గరి ఎత్తిపోతల సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతం, ఎండాకాలంలోనూ చూడవచ్చినవాళ్ళకు నిరాశ కలగకుండా ఎగువ కాలువల నీటితో ఏడాది పొడుగునా పారుతుంది. మనిషి కంటికి నీరు పారుతూ కనబడాలంటే కాలువ నుంచి వాగుకు నీరు వదిలే ఏర్పాటు మనకు చేతనవునన్నమాట. దాన్ని నేను తప్పుపట్టను. అదే ఏర్పాటు ఇంకో నాలుగు వాగులకు, టిక్కెట్టు కౌంటరు లేనిచోట కూడా, ఎందుకు ఉండకూడదన్నదే అడుగుతున్నాను.

మా విజయవాడ వాళ్ళకు బుడమేరు అంటే సింగ్‌నగర్ వైపు మురుగు, 2024 తర్వాత భయం. అది మైలవరం వైపు కొండల్లో పుట్టిన వాగని, కొల్లేరుదాకా నడిచిపోయే ఏరని ఊళ్ళో ఎంతమంది తలచుకుంటారో నాకు అనుమానమే. ఇప్పుడు దాన్ని వెడల్పు చేస్తామనీ గట్లు కట్టి కాంక్రీటు వేస్తామనీ మాటలు వినబడినప్పుడల్లా, ఎన్ని వేల క్యూసెక్కులు పోతాయన్న ఒక్క ప్రశ్నే చర్చకు వస్తుంది. వరద పోవాలి, అందులో రెండో మాట లేదు. ఊరి నడుమ కాంక్రీటు తప్పదేమో కూడా. ఎగువన కొండపల్లి, మైలవరం అడవుల వైపు మాత్రం వాగు అడుగున రాయిని రాయిగా, వంపును వంపుగా వదిలేయవచ్చు. అక్కడ వేగం తగ్గిన నీరు ఇక్కడ మన గడప దాకా ఆలస్యంగా వస్తుంది. అక్కడ చెక్‌డ్యామ్ కట్టవలసి వస్తే ఒకదాని వెనక జలాలు ఇంకోదాని కాళ్ళను తాకనంత ఎడం పెట్టి, నడుమ నీళ్ళు గలగలమనే జాగా మిగిలేట్టు కట్టవచ్చు. ఇంజనీర్లకు ఇది కొత్త విద్య కాదు, అంచనా కాగితంలో ఒక వరస ఎక్కువ.

పిట్టలను ఎవరు లెక్కపెడతారని బాబాయి అడిగాడు. మాచర్లలో, వినుకొండలో, మైలవరంలో డిగ్రీ కాలేజీలున్నాయి, జంతుశాస్త్రం చదివే పిల్లలున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే ఒక కిలోమీటరు వాగు వెంట గంటసేపు ఎగువకు నడిచి, గ్రే వాగ్‌టెయిల్ ఎన్నిచోట్ల లేచింది, కాటుకపిట్ట ఎన్నిచోట్ల, లకుముకిపిట్ట ఎన్నిచోట్ల అని రాసుకుని, నాలుగు రాళ్ళు తిరగేసి మూడు తోకల పురుగు ఉందో లేదో చూసి, నీరు పారుతోందా గుంటల్లో ఆగిందా అని ఒక గడి నింపాలి. అదే వాగు, అదే కిలోమీటరు, ఏటేటా. ఒక బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం, తడిసినా ఫరవాలేదనుకునే చెప్పులు కావాలి. వచ్చిన అంకెను పేపరు వాళ్ళకిస్తే వేయడానికి చోటుంది; జూలైలో సాగర్ మట్టం అచ్చేసే పెట్టెను వాళ్ళు జనవరిలో ఎలాగూ ఖాళీగానే ఉంచుతారు.